పోయిందా? పోగొట్టుకున్నాడా?

మా అబ్బాజాన్ బోధన్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్‌లో గుమాస్తాగా పనిచేసేవారు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ పెరిగిన కాలనీ అది. క్రషింగ్ సీజన్ మొదలైందంటే చెరకు బండ్లు, ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరి నిలిచేవి. గాలి నిండా తీపివాసన. అబ్బాజాన్ కార్యాలయం నుంచి వచ్చి, మగ్రిబ్ నమాజు ముగించుకొని వరండాలో చాప మీద కూర్చునేసరికి ఇద్దరో ముగ్గురో ఆయన కోసం కాచుకొని ఉండేవారు. ఒకరికి సెలవు అర్జీ కావాలి. ఒకరికి కూతురి పెళ్ళికి అప్పు కావాలి. మరొకరు కొడుకును బడిలో చేర్చుకొమ్మని విన్నవించుకోవాలి. వాళ్ళు ఉర్దూలోనో తెలుగులోనో చెప్పేవారు. అబ్బాజాన్ ఏ కార్యాలయానికి ఏ భాష అవసరమో ఆ భాషలో రాసేవారు.

ఆ పనిలో ఆయనకొక నియమం ఉండేది. అర్జీ రాయటం పూర్తయ్యాక దాన్ని వచ్చినవారి భాషలో మొదటినుంచి చదివి వినిపించేవారు. “ఇదేనా మీ మాట?” అని అడిగేవారు. వాళ్ళు తలూపితే సరిపోయేది కాదు, నోరు తెరిచి ఔనని చెప్పాలి. ఒక్కోసారి వాళ్ళు తటపటాయించి, “అట్ల కాదు సాబ్, నేను బతిమాలుకుంట లేను, అడుగుతున్న” అనేవారు. అబ్బాజాన్ ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీసేవారు. ఆ తరువాతే సంతకం, లేదా వేలిముద్ర. అన్నానికి ఆలస్యమౌతున్నదని అమ్మీ లోపలినుంచి గాజులు గలగలలాడించేది. చదువు రానివారికి చదివి వినిపించటానికి అంత సమయం ఎందుకు వృథా చేస్తారో నాకూ అర్థమయ్యేది కాదు. అది అర్థం కావటానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మధ్యలో ఒక విద్యార్థినికి నా చేతుల మీదుగా అన్యాయం కూడా జరిగింది. ఆ సంగతి చెప్పుకోవటానికే ఈ వ్యాసం.

పెళ్ళయిన తరువాత నేను నిజామాబాదుకు వచ్చాను. కంఠేశ్వర్‌లో మా ఇల్లు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, పట్టణంలో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలినయ్యాను. తరగతికి అరవైమందికి తక్కువ ఉండరు. వ్యాసం రాయించిన ప్రతిసారీ కాగితాల కట్ట సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చేదాన్ని. పిల్లలు నిద్రపోయాక వంటింటి బల్ల మీద ఎర్ర కలం పట్టుకొని కూర్చునేదాన్ని. ఒక్క తప్పు కూడా నా కన్ను దాటిపోదని నాకు గర్వం. కాగితం ఎంత ఎర్రబడితే అంత శ్రద్ధగా దిద్దినట్లు భావించేదాన్ని. తోటి అధ్యాపకులు కూడా అదే అనేవారు. అందులో నిజం లేకపోలేదు. నేను కష్టపడే దిద్దాను. కష్టపడినంత మాత్రాన మేలు జరుగుతుందనుకోవటమే పొరపాటు.

ఒక సంవత్సరం ద్వితీయ సంవత్సరం విద్యార్థులకు “మా ఇంట్లో మరచిపోలేని రోజు” అన్న అంశం ఇచ్చాను. పదో తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన ఒక అమ్మాయి, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పనిది, ఒకటిన్నర పుటలు రాసింది. ఆమె తండ్రి ఒక మిల్లులో పనిచేసేవాడు. ఆ మిల్లు మూతపడింది. అతడు మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా చాలాసేపు మంచం మీద కూర్చున్న రోజు గురించి ఆమె రాసింది. అందులో ఒక వాక్యం: “మై ఫాదర్స్ జాబ్ వెంట్.” నేను ‘వెంట్’ అన్న మాటను కొట్టివేసి, వాక్యాన్ని తిరగరాశాను: “మై ఫాదర్ లాస్ట్ హిజ్ జాబ్.” అటువంటి దిద్దుబాట్లు ఆ ఒకటిన్నర పుటల నిండా ఉన్నాయి. అడుగున పదికి మూడు మార్కులు వేసి, “వ్యాకరణం చూసుకో” అని రాశాను.

కాగితాలు తిరిగి ఇచ్చిన రోజు తరగతి ముగిశాక ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ, మన దక్కనీలో మెల్లగా అంది: “అబ్బా నౌకరీ నై ఖోయే మేడమ్. నౌకరీచ్ చలీ గయీ.” మా నాన్న ఉద్యోగం పోగొట్టుకోలేదు, ఉద్యోగమే పోయింది, అని. నాకు తరువాతి తరగతికి గంట మోగింది. “ఇంగ్లీషులో అలాగే అంటారమ్మా” అని చెప్పి నేను వెళ్ళిపోయాను.

తరువాతి వ్యాసంలో ఆమె ఒక్క తప్పూ చేయలేదు. బజారులో దొరికే గైడులోని వ్యాసాన్ని అక్షరం పొల్లుపోకుండా దించింది. పదికి ఎనిమిది వేశాను. ఆ పిల్ల బాగుపడిందని సంతోషించాను కూడా. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆమె మళ్ళీ తన సొంత వాక్యం ఒక్కటీ రాయలేదు. ఆ విషయం నేను ఆ రోజుల్లో గమనించనే లేదు.

పదకొండేళ్ళు పాఠాలు చెప్పాక నేను మళ్ళీ విద్యార్థినినయ్యాను. దానికి గొప్ప కారణమేమీ లేదు. మరొక పట్టా ఉంటే ఉద్యోగంలో కాస్త స్థిరత్వం ఉంటుందన్న ఆశ, అంతే. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఆంగ్ల బోధనకు సంబంధించిన పోస్టు గ్రాడ్యుయేట్ డిప్లొమాలో చేరాను. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన సంస్థ అది. ఇంగ్లీషు నేర్చుకోవటానికే కాక, నేర్పించటం నేర్చుకోవటానికి కూడా దేశం నలుమూలలనుంచి అధ్యాపకులు అక్కడికి వస్తారు. దూరవిద్య కనుక చదువు చాలావరకు ఇంట్లోనే. మధ్య మధ్య తరగతులకు మాత్రం కాచిగూడ రైలు పట్టుకొని వెళ్ళేదాన్ని. “పాఠాలు చెప్పే కోడలు మళ్ళీ బడికి పోతున్నది” అని మా అత్తగారు నవ్వినా, ఆ రోజుల్లో పిల్లల భారమంతా ఆవిడే మోశారు. అల్లాహ్ ఆవిడకు ఆరోగ్యం ప్రసాదించుగాక.

ఆ విశ్వవిద్యాలయం ఉస్మానియా ప్రాంగణం పక్కనే ఉంటుంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైంది. అందుకు కావలసిన పుస్తకాల కోసం 1917లోనే అనువాద విభాగాన్ని నెలకొల్పారు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, పరీక్షలో మరొక భాష ఉన్నప్పుడు విద్యార్థి దేనిలో ఆలోచించి దేనిలో రాయాలన్న ప్రశ్న ఈ గడ్డకు కొత్తది కాదని ఆ దారిన నడిచినప్పుడల్లా అనిపించేది. ఆనాడు ఉర్దూను ఎంచుకున్నప్పుడు కూడా తెలుగు ఇళ్ళ పిల్లలకు అది పరాయి భాషే కదా. ఏ భాషను ఎంచుకున్నా, తరగతిలో ఎవరో ఒకరు రెండు భాషల మధ్య నిలబడక తప్పదు.

కళాశాల స్థాయిలో రాయటం నేర్పించటమన్నది ఒక ప్రత్యేక శాస్త్రమని నాకు అక్కడే తెలిసింది. సాహిత్యం చదివినవారికి రాయించటం దానంతటదే వస్తుందని నేను అనుకునేదాన్ని. మొదట చదివినది పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో రాసిన వ్యాసం. అలసట వల్లనో పరధ్యానం వల్లనో దొర్లే పొరపాటు వేరు, మళ్ళీ మళ్ళీ ఒకే తీరున వచ్చే దోషం వేరు అని ఆయన విడదీశాడు. ఆ రెండో రకం దోషం నేర్చుకునేవారి మనసులో ఒక పద్ధతి రూపుదిద్దుకుంటున్నదనడానికి సాక్ష్యం. అది అజ్ఞానం కాదు, ఆలోచన. ఉర్దూలోనూ తెలుగులోనూ ఇంగ్లీషు ‘ఏ’, ‘ద’ల వంటివి లేవు. మన పిల్లలు వాటిని వదిలేస్తున్నారంటే అది సోమరితనం వల్ల కాదు. వారి వెనుక రెండు భాషలు నిలబడి ఉన్నాయి.

మరొక పుస్తకం అమెరికాకు చెందిన మీనా షాగ్నెస్సీ 1977లో వెలువరించినది. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం ఆ నగరంలో హైస్కూలు పూర్తిచేసిన వారందరికీ తలుపులు తెరిచింది. అంతవరకు కళాశాల ముఖం చూడని బీద కుటుంబాల పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు వేలాదిగా వచ్చారు. వారి రాత చూసి, వీరికి చదువు అబ్బదని అన్నవారున్నారు. ఆమె మాత్రం ప్రవేశ సమయంలో వారు రాసిన దాదాపు 4000 పత్రాలను ముందు పెట్టుకొని, ఒక్కొక్క దోషం వెనుక ఏ ఆలోచన ఉన్నదో వెతికింది. మా కళాశాల మెట్లెక్కే పిల్లల్లో ఎక్కువమంది తమ ఇంట్లో కళాశాలకు వచ్చిన మొదటివారు. అందుకే ఆ పుస్తకం ఎక్కడో దూరదేశం గురించి రాసినట్లు నాకు అనిపించలేదు.

మూడోది నన్ను నిలువునా నిలదీసింది. నాన్సీ సామర్స్ అనే ఆమె 1982లో ప్రచురించిన వ్యాసమది. తన సహచరులతో కలిసి ఆమె రెండు విశ్వవిద్యాలయాల్లో 35 మంది అధ్యాపకులు విద్యార్థుల కాగితాల మీద రాసిన వ్యాఖ్యలను పరిశీలించింది. అధ్యాపకుల వ్యాఖ్యలు విద్యార్థి ధ్యాసను తాను చెప్పదలచుకున్న దానినుంచి తప్పించి, అధ్యాపకుడు కోరుకున్న దానివైపు మళ్ళిస్తున్నాయని తేలింది. ఒకే పేరాలో ఒక వాక్యానికి విరామ చిహ్నం సరిచేస్తారు, పక్కనే ఆ పేరానే మార్చి రాయమంటారు. ఏది ముందు చేయాలో విద్యార్థికి తోచదు.

ఆ తరువాత మాకొక పని అప్పగించారు. లోగడ మేము దిద్దిన కాగితాలు కొన్ని తెచ్చుకొని, ఈసారి విద్యార్థుల దోషాలను గాక మా వ్యాఖ్యలను పరిశీలించాలి. అటక మీద గోనెసంచిలో పాత కట్టలుంటే అందులోనుంచి పది తీసుకెళ్ళాను. ఆ పదింటిలో ఆ అమ్మాయి కాగితం ఉంది. మా ఆచార్యులు దాన్ని చేతికి తీసుకొని లెక్కపెట్టమన్నారు. ఒకటిన్నర పుటలకు నలభై మూడు ఎర్ర గుర్తులు. “వీటిలో ఆమె చెప్పిన విషయం గురించి ఎన్ని?” అని అడిగారు. ఒక్కటీ లేదు. ఆయన మందలించలేదు. “వెంట్ అన్నదాన్ని ఎందుకు కొట్టివేశారు? మిల్లులు మూతపడినప్పుడు ఇంగ్లీషు పత్రికలు కూడా ఇన్ని ఉద్యోగాలు పోయాయనే అర్థంలో ఆ క్రియనే వాడతాయే!” అన్నారు.

నాకు ఆ పిల్ల మాట అప్పుడు వినిపించింది. తెలుగులో మనం ‘ఉద్యోగం పోయింది’ అంటాం. ఉర్దూలో ‘నౌకరీ చలీ గయీ’ అంటాం. రెండింటిలోనూ పోయినది ఉద్యోగమే, మనిషి మీద నింద లేదు. ‘పోగొట్టుకున్నాడు’ అంటే మాత్రం తప్పు అతడి మీదికి వస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ‘లాస్ట్’ అన్న మాటలో అంతటి నింద వినిపించకపోవచ్చు. కానీ ‘ఖోనా’ అన్న మాట ద్వారా దాన్ని అర్థం చేసుకున్న కూతురికి వినిపించింది. ఆమె వాక్యం తన తండ్రి పక్షాన సాక్ష్యం చెప్పింది. నేను దాన్ని కొట్టివేసి ఆయన మీద నేరం రాశాను. తెలియక చేశానని చెప్పుకోవటానికి కూడా వీల్లేదు. నేను చెరకు నేలలో పుట్టినదాన్ని. 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడ్డాక మా చుట్టపక్కాల ఇళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! ఎవరూ ‘పోగొట్టుకున్నాం’ అనలేదు. అందరూ ‘పోయింది’ అనే అన్నారు.

తరగతులు ముగించుకొని ఇంటికి వచ్చిన రాత్రి అబ్బాజాన్‌తో ఈ విషయం చెప్పాను. పదవీ విరమణ తరువాత ఆయన మా దగ్గరే ఉంటున్నారు. చూపు మందగించింది, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. అంతా విని, “అర్జీ చదివి వినిపించేది వాళ్ళ కోసమనుకున్నావా బేటీ? నా కోసం. కలం నా చేతిలో ఉంది గనుక నా మాట వాళ్ళ నోట్లో పెట్టే ప్రమాదం నాకే ఉంది” అన్నారు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయతు అప్పుపత్రం రాసుకోవటం గురించినదేనని ఆయన గుర్తుచేశారు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు అది. రాసేవాడు న్యాయంగా రాయాలనీ, బాధ్యత ఎవరి మీద ఉన్నదో వారే చెప్పి రాయించాలనీ అందులో ఆదేశముంది. ఆ ఆయతును నేను ఎన్నో రంజాన్లలో పారాయణం చేశాను. దానికీ నా ఎర్ర కలానికీ సంబంధం ఉంటుందని మాత్రం ఎన్నడూ ఊహించలేదు.

డిప్లొమా చేతికి వచ్చాక తరగతిలో నేను చేసిన మార్పులు చాలా చిన్నవి. మొదటి చిత్తుప్రతి మీద ఎర్ర కలం పెట్టను. పెన్సిలుతో ఒకటి రెండు ప్రశ్నలు మాత్రం రాస్తాను: “ఇక్కడ మీ ఉద్దేశం ఇదేనా? ఆ తరువాత ఏం జరిగింది?” వారు తిరగరాసి తెచ్చాక రెండో ప్రతిలో భాష చూస్తాను. అప్పుడు కూడా పదే పదే వచ్చే దోషాలు రెండింటినే ఎంచుకుంటాను. వాటికి కారణం వారి ఇంటి భాషలో ఎక్కడున్నదో చూపిస్తాను. అరవైమందితో ఇది ప్రతి వారం సాగదు. కనుక తరగతిని నాలుగు భాగాలు చేసి, వారానికి పదిహేనుమంది కాగితాలు తీసుకుంటాను. వ్యాకరణం అక్కరలేదని నేను అనటం లేదు. రేపు ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు, పరీక్ష రాసేటప్పుడు తప్పులు లేని భాష మన పిల్లలకు అందరికన్నా ఎక్కువ అవసరం. గైడు బట్టీపట్టినవారికి పరీక్షల్లో ఇప్పటికీ మంచి మార్కులే వస్తున్నాయి. ఆ సంగతి పిల్లలు నా ముఖం మీదే అంటారు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే, చెప్పవలసినది ఒకటి ఉన్నవారే దాన్ని సరిగ్గా చెప్పటానికి కష్టపడతారని ఈ కొద్దికాలంలో గ్రహించాను.

ఈ పత్రిక చదివే తల్లులకు, తండ్రులకు కూడా ఒక మనవి. పిల్లవాడు నోటుబుక్కు తెచ్చి చూపినప్పుడు మన కన్ను ముందుగా తప్పు మీదే పడుతుంది. ఆ తప్పు ఎక్కడికీ పోదు, రేపు దిద్దవచ్చు. ముందు వాడు ఏం చెప్పదలచుకున్నాడో అడగండి. ఆ తరువాత, మీరు అర్థం చేసుకున్నది మీ మాటల్లో వాడికే వినిపించి, “ఇదేనా నీ మాట?” అని అడగండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె తోటి విద్యార్థినుల ద్వారా కబురు పంపాను. ఒక ఆదివారం తల్లితో కలిసి కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఇంటి దగ్గర చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతున్నదట. చాయ్ తాగాక నేను ఆ పాత కాగితం ఆమె ముందు పెట్టి, నన్ను క్షమించమని అడిగాను. అధ్యాపకురాలు అలా అడగటం చూసి తల్లి కంగారుపడింది. ఆ అమ్మాయి మాత్రం కాగితం వైపు చాలాసేపు చూసింది. “ఇది అబ్బాకు చూపిద్దామని రాశాను మేడమ్. ఆయనకు కొంచెం ఇంగ్లీషు వస్తుంది. మీరు దిద్దిన తరువాత చూపించలేదు. ఆ ‘లాస్ట్’ అన్న మాట చదువుతాడని” అంది.

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు తెచ్చి ఆమెకిచ్చాను. నేను లోపల గిన్నెలు సర్దుతూ ఉండగా ఆమె అక్కడే కూర్చొని మొదటినుంచి తిరగరాసింది. పూర్తయ్యాక నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. తనే చదివి వినిపించింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి తలెత్తి నా వైపు చూసి, ‘వెంట్’ అన్న మాటను గట్టిగా పలికింది. లోపలి గదిలో పడుకొని ఉన్న అబ్బాజాన్ అక్కడినుంచే అడిగారు, “యహీచ్ హై నా బేటీ, తుమ్హారీ బాత్?” అని.

“హౌ దాదా” అంది ఆ అమ్మాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకొంది.